ప్లాస్టరింగ్ లేకుండా ఇటుక ఇల్లు కట్టాలంటే: బట్టీ దగ్గర్నుంచి స్లాబ్ దాకా

మన ఊళ్ళల్లో ఇప్పుడొక విచిత్రం నడుస్తోంది, గమనించారో లేదో. ముందు నిజం ఇటుకతో గోడ కడతారు, రెండు వైపులా సిమెంటు పూస్తారు, పుట్టీ పెడతారు, రంగేస్తారు, ఆ తర్వాత ఎలివేషన్ కోసమని అరంగుళం మందం ఇటుక టైల్స్ కొనుక్కొచ్చి గమ్ముతో అదే గోడకి అతికిస్తారు. అంత డబ్బు లేనోళ్ళు పిట్టగోడకి రెడ్ ఆక్సైడ్ కొట్టించి దానిమీద తెల్ల గీతలు గీయిస్తారు, దూరం నుంచి ఇటుకలు కనపడ్డట్టు. లోపల ఉన్నది ఇటుకే కదయ్యా, దాన్నే వదిలెయ్యొచ్చు కదా అని మేస్త్రీని అడిగితే నవ్వి "అది కనపడేటట్టు కట్టింది కాదు సార్" అంటాడు. ఆయన చెప్పింది కరెక్టే. గోడ లేచాక బాగుంది కదా ప్లాస్టరింగ్ ఆపేద్దాం అనుకుంటే కుదరదు, ఇటుక లారీ దిగకముందే తీసుకోవాల్సిన నిర్ణయం అది. అందుకని ఆ వరసలోనే చెప్తాను, ఏది ముందు తేల్చుకోవాలో అది ముందు.

పిల్లర్లా, గోడలా

ఇటుక కనిపించే ఇల్లు అనగానే అందరూ రంగు, టెక్స్చర్ గురించి మాట్లాడతారు గానీ మొదటి ప్రశ్న అది కాదు, మీ ఇంట్లో బరువు మోసేది ఏది అన్నది. నూట యాభై గజాల్లో రెండు బెడ్రూముల ఇంటికి కూడా ఇప్పుడు తొమ్మిదో పన్నెండో పిల్లర్లు లేపుతున్నాం, మళ్ళీ వాటి మధ్యలో తొమ్మిదంగుళాల గోడ కడుతున్నాం. ఆ గోడ తన బరువు తప్ప ఇంకేం మోయదు, ఒక ఇంటికి రెండు అస్థిపంజరాల ఖర్చు. గ్రౌండ్ ఫ్లోరు, పైన ఇంకో ఫ్లోరు వరకూ అయితే తొమ్మిదంగుళాల ఇటుక గోడ హాయిగా మోస్తుంది, మన తాతల కాలం ఇళ్ళన్నీ అలా నిలబడ్డవే కదా. కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి: పై గోడ కచ్చితంగా కింది గోడ మీదే రావాలి, గదులు మరీ పెద్దవి కాకూడదు, కిటికీలు గుమ్మాలు మూలకి ఆనించకుండా కనీసం రెండడుగులు వదలాలి, ఒకే గోడకి సగానికి మించి ఖాళీలు పెట్టకూడదు.

కింద పార్కింగ్ కావాలి, రేపు మూడో ఫ్లోరు కూడా వేస్తాం అంటే పిల్లర్లకే వెళ్ళండి, అందులో తప్పేం లేదు. అప్పుడు పిల్లరూ బీమూ కాంక్రీటుగానే కనపడనివ్వండి, మధ్యలో నింపే గోడ నాలుగున్నర అంగుళాలు చాలు, అది ఇటుకగా కనపడనివ్వండి. ఏది మోస్తోందో ఏది ఊరికే అడ్డంగా నిలబడిందో చూసినవాడికి తెలిసిపోవాలి. కాంక్రీటు పిల్లరు చుట్టూ ఇటుక ముక్కలు అతికించి ఇటుక స్తంభంలా చూపించడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, ఆర్కిటెక్టులే చేయిస్తున్నా సరే.

నేల సంగతి కూడా ఇక్కడే. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి నేల అయితే వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగి బీటలిస్తుంది. ప్లాస్టరింగ్ ఉన్న గోడలో పగులొస్తే పుట్టీతో పూడ్చేయొచ్చు, ఇటుక గోడలో వస్తే జాయింట్లంట మెట్లుమెట్లుగా జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ వేసి పైన ప్లింత్ బీమ్, అంటే గోడలు మొదలయ్యే మట్టంలో వేసే కాంక్రీటు దూలం, కట్టడం మంచి పద్ధతి, కింది భాగంలో గుండ్రంగా ఉబ్బిన కాంక్రీటు పైల్స్ అవి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్ళు ఇలాంటి నేలలకోసమే వాటిమీద చాలా పనిచేశారు. సాయిల్ టెస్టుకి పెట్టే డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

గోడలే మోసే ఇంటికి ఇంకో విషయం, ఇది మాత్రం బేరం లేనిది. ప్లింత్ దగ్గర, లింటెల్ (కిటికీలు గుమ్మాల పైన వచ్చే దూలం) దగ్గర, స్లాబ్ కింద ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే ఆర్‌సీసీ బ్యాండ్లు ఉండాలి, మూలల్లో పునాది నుంచి పైదాకా నిలువు రాడ్లు ఉండాలి, భూకంపాలకి తట్టుకునే ఇళ్ళ కోసం మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 4326 చెప్పేది ఇదే. 1993 లాతూరు భూకంపంలో రాత్రికి రాత్రి కూలిపోయిన రాతి గోడల ఇళ్ళల్లో ఇలా చుట్టూ కట్టేసే పట్టీ అన్నదే లేదు, ఏ గోడకి ఆ గోడ విడిపోయింది. ఈ బ్యాండ్ ని దాచక్కర్లేదు. ఎర్ర గోడ మీద బూడిద రంగు పట్టీ ఇంటి చుట్టూ వెళ్తుంటే బాగానే ఉంటుంది, దానిమీద ఇటుక ముక్కలు అతికించమని మేస్త్రీకి చెప్పకండి చాలు.

ఇటుక కొనడం

ఇక్కడ టైము పెట్టండి, మిగతాచోట్ల తగ్గించినా పర్లేదు. ప్లాస్టరింగ్ చేసే ఇంటికి వంకర ఇటుకైనా సరిపోతుంది, పైన అంగుళం మందం సిమెంటు అన్నీ కప్పేస్తుంది. మనకి ఆ దుప్పటి లేదు.

ఫోన్లో ఆర్డర్ పెట్టకండి, బట్టీకే వెళ్ళండి. ఒకే బట్టీలో కూడా నిప్పుకి దగ్గర ఉన్నవి మాడి నల్లబడి మెలికలు తిరుగుతాయి, అంచుల్లో ఉన్నవి సరిగ్గా కాలక లేత రంగులో ఉండిపోతాయి, మధ్యలోవే మనకి కావాలి. రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టండి, ఖంగుమనాలి, మొద్దుగా చప్పుడొస్తే కాలలేదని. గోరుతో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే ముక్కలవ్వకూడదు. ఒకదాన్ని పగలగొట్టి లోపల చూడండి, సున్నపురాళ్ళ గడ్డలు తెల్లగా కనిపిస్తే ఆ బట్టీ వదిలేయండి, ఎందుకంటే తడి తగిలినప్పుడల్లా ఆ గడ్డలు ఉబ్బి ఇటుక మొహం చిప్పలుగా రాలిపోతుంది.

తర్వాత సైజు. ఇరవై ఇటుకలు పొడుగ్గా ఒకదాని పక్కన ఒకటి ఆనించి పేర్చి టేపు పెట్టండి, తొమ్మిదంగుళాల ఇటుకైతే పదిహేనడుగులు రావాలి. రెండు మూడంగుళాలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, కానీ వేరే కుప్పలోంచి ఇంకో ఇరవై తీసి కొలిస్తే కూడా దాదాపు అంతే రావాలి. ఒక కుప్ప చిన్నగా ఒక కుప్ప పెద్దగా ఉంటే జాయింట్లు ఒకచోట సన్నగా ఒకచోట లావుగా వస్తాయి, దాన్ని ఏ మేస్త్రీ సరిచేయలేడు.

నాలుగైదు ఇటుకలు ఇంటికి తెచ్చుకుని రెండు టెస్టులు చేయండి, ఏ ల్యాబూ అక్కర్లేదు. ఒకటి, పూర్తిగా ఆరిన ఇటుక తూకం వేసి, ఒక రోజంతా నీళ్ళల్లో ముంచి, తీసి తుడిచి మళ్ళీ తూకం వేయండి. మూడు కేజీల ఇటుక మూడు కేజీల ఆరువందలు దాటిందంటే, అంటే ఇరవై శాతానికి మించి నీళ్ళు తాగిందంటే బయటి గోడకి పనికిరాదు. ఇంకోటి, ఒక పళ్ళెంలో అంగుళం ఎత్తు నీళ్ళు పోసి ఇటుకని నిలువుగా నిలబెట్టండి, నీళ్ళన్నీ ఇంకి ఆరిపోయేదాకా కదపొద్దు, మళ్ళీ అన్నే నీళ్ళు పోసి మళ్ళీ ఆరనివ్వండి. ఇటుక మీద తెల్లటి ఉప్పు పొర లేచిందంటే రేపు మీ గోడ మీద లేచేది కూడా అదే. చౌడు నేలలు, సముద్రానికి దగ్గర ఊళ్ళు అయితే ఈ రెండో టెస్టు వదలొద్దు.

ఒకే కాల్పు లోంచి, అవసరానికి ఓ పది శాతం ఎక్కువే తీసుకోండి, సగంలో అయిపోయి ఇంకో లోడు తెస్తే రంగు మారిపోతుంది. సైట్లో కూడా ఒకే కుప్ప ఖాళీ చేసుకుంటూ పోకుండా మూడు నాలుగు కుప్పల్లోంచి కలిపి అందించమనండి, అప్పుడు ముదురు రంగూ లేత రంగూ గోడంతా చల్లినట్టు వస్తాయి.

ఫ్లై యాష్ ఇటుకల సంగతి, అంటే థర్మల్ ప్లాంట్ల బూడిదతో చేసేవాటి సంగతి అడుగుతారని తెలుసు. విజయవాడ, కొత్తగూడెం, రామగుండం లాంటి థర్మల్ ప్లాంట్లున్న చోట్ల ఎక్కువగా దొరికేవి అవే. సైజు చాలా కరెక్టుగా ఉంటాయి, అంచులు పదునుగా ఉంటాయి, మంచి కంపెనీ సరుకైతే నిక్షేపంగా కనపడేటట్టు కట్టుకోవచ్చు. బూడిద రంగు ఇల్లొస్తుంది, దాన్ని బూడిద రంగుగానే ఒప్పుకోండి. దానిమీద ఎర్రరంగు వేసేటట్టైతే మళ్ళీ మొదటికే వచ్చాం కదా.

మాలు, జాయింటు, శుభ్రం

ఇటుకల్ని వాడేముందు తొట్టిలో ముంచాలి, బుడగలు ఆగేదాకా. పైపుతో పైపైన చల్లితే చాలదు, ఇటుక మాలులోని నీళ్ళు పీల్చేసుకుంటే సిమెంటు పట్టదు. ఒకటికి ఆరు మాలు, అంటే ఒక వంతు సిమెంటుకి ఆరు వంతుల ఇసుక, సరిపోతుంది. ఎక్కువ సిమెంటు వేస్తే గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ మాలు ఇటుక కంటే కాస్త మెత్తగా ఉండటమే మంచిది, ఇల్లు కొంచెం సర్దుకున్నప్పుడు పగులు జాయింట్లో వస్తే మళ్ళీ నింపుకోవచ్చు, ఇటుకనే చీల్చుకుంటూ పోతే చేసేదేం లేదు. సున్నం మంచిది దొరికితే ఒక వంతు సిమెంటు, ఒక వంతు సున్నం, ఆరు వంతుల ఇసుక కలపండి, పని కూడా వెన్నలా సాగుతుంది. ఇసుక మాత్రం ఒకే రేవు నుంచి రావాలి, లేకపోతే జాయింట్ల రంగు మారుతుంది, ఇది చాలామంది మర్చిపోతారు.

జాయింటు పది మిల్లీమీటర్లు. దానికోసం ఒక నిటారు కర్ర మీద ఇటుక, జాయింటు, ఇటుక, జాయింటు అని గీతలు పెట్టుకుని ప్రతి మూలలో నిలబెట్టి దారం కట్టి లేపాలి. గుండు, రసమట్టం ఎలాగూ ఉంటాయి, ఈ గీతల కర్ర మాత్రం మీరే చేయించాలి, కిటికీ అడుగు, లింటెల్ అడుగు ఆ గీతల మీదే పడేటట్టు ముందే ప్లాన్ చేసుకోవాలి. ఎత్తుల్ని మిల్లీమీటర్లలో కాకుండా వరసల్లో ఆలోచించండి, కిటికీ పన్నెండో వరసలో మొదలవుతుంది అన్నట్టు. అలా చేయకపోతే లింటెల్ కింద అరంగుళం మందం ఇటుక బిళ్ళ పెట్టి మేనేజ్ చేస్తారు, అది జన్మలో మీ కంటికి గుచ్చుకుంటూనే ఉంటుంది.

రోజుకి ఐదడుగులకి మించి లేపొద్దు. సాయంత్రం మేస్త్రీ దిగేముందు, మాలు పచ్చిగా ఉండగానే జాయింట్లు అరంగుళం లోతు గీకేయాలి, మొహం మీద పడ్డ మాలుని తడి గోనెసంచితో అప్పుడే తుడవాలి. రేపు చూద్దాం అంటే రేపు యాసిడ్ పోయాలి, యాసిడ్ పోస్తే ఇటుక పైతోలు పోతుంది, ఉప్పు బయటికొస్తుంది. వారం రోజులు తడపాలి. పాయింటింగ్, అంటే గీకిన జాయింట్లని మళ్ళీ నింపడం, తర్వాత ఒకటికి మూడు మాలుతో, గోడ మట్టానికి సమంగా గానీ కొంచెం లోపలికి వాలుగా గానీ. తాడులా ఉబ్బెత్తుగా వచ్చే పాయింటింగ్ వద్దు, దాని పైన నీళ్ళు నిలబడి లోపలికి దిగుతాయి.

పరంజా గురించి ఒక్క మాట. మామూలుగా పరంజా కర్ర ఒక కొసని గోడలోనే బొక్కపెట్టి దోపుతారు, తర్వాత సిమెంటుతో మూసేస్తారు. మన గోడలో ఆ అతుకులు మశూచి మచ్చల్లా మిగిలిపోతాయి కాబట్టి రెండు వైపులా కాళ్ళుండే విడి పరంజా కట్టమని ముందే మాట్లాడుకోండి.

గోడలో గాలి నింపడం

రాట్ ట్రాప్ బాండ్ పేరు వినే ఉంటారు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి, బయట ఒకటి లోపల ఒకటి, వాటిని కలుపుతూ అడ్డంగా ఒకటి పెట్టుకుంటూ పోతారు. గోడ మందం తొమ్మిదంగుళాలే, కానీ మధ్యలో మూడంగుళాల ఖాళీ గదులు ఏర్పడతాయి. మన దేశంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది లారీ బేకర్, 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, మన దేశానికొచ్చి, చివరికి త్రివేండ్రంలో స్థిరపడి 2007లో పోయిన ఆర్కిటెక్టు. త్రివేండ్రంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ ఆయనదే, అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర గుండ్రంగా పైకి తిరిగే ఇండియన్ కాఫీ హౌస్ కూడా ఆయనదే. శబరిమల వెళ్ళేవాళ్ళు, కన్యాకుమారి వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగి ఒక కాఫీ తాగి గోడలు చూసి రండి, ఏ వీడియో చూసినా రాని క్లారిటీ వస్తుంది.

ఈ బాండ్ వల్ల పాతిక శాతం ఇటుక మిగుల్తుంది అని ఎక్కడ చూసినా రాస్తారు. మన సైజులకి లెక్క కట్టి చూడండి. 9×4×3 ఇటుకతో మామూలు తొమ్మిదంగుళాల గోడ చదరపు అడుగుకి తొమ్మిది చిల్లర ఇటుకలు తింటుంది, రాట్ ట్రాప్ లో ఏడున్నర దాటుతుంది, అంటే మిగిలేది ఆరో వంతు. అదే వెడల్పు నాలుగున్నర ఉండే ఇటుకైతే దాదాపు తొమ్మిది నుంచి ఏడు లోపుకి దిగుతుంది, అప్పుడు పాతికకి దగ్గరగా వస్తుంది. ఇటుక వెడల్పు ఎంతుంటే లాభం అంత. దీంట్లోంచి మళ్ళీ గట్టి వరసలు తీసేయాలి, ఎందుకంటే ప్లింత్ మీద మొదటి వరస, కిటికీ అడుగు, లింటెల్ మట్టం, స్లాబ్ కింద ఆఖరి వరస, గుమ్మాల పక్కలు, ఇవన్నీ ఖాళీ లేకుండా మామూలు బాండ్ లోనే కట్టాలి. ఇటుక మిగలడం కంటే నాకు నచ్చేది వేరే ఉంది, మే నెల ఎండలో పడమటి గోడ లోపలి వైపు చెయ్యి పెడితే తెలుస్తుంది, మధ్యలో గాలి ఉండటంవల్ల వేడి అంత తొందరగా లోపలికి రాదు. మూలల్లో ఆ ఖాళీల్లోంచే నిలువు రాడ్డు దించి కాంక్రీటు పోసేయొచ్చు, విడిగా పిల్లరు అక్కర్లేదు.

గోడ లోపల ఖాళీ వదిలి ఇటుక ఆదా చేయడం మనవాళ్ళకి కొత్తేం కాదు లెండి. నాగార్జునకొండ, శాలిహుండంలో బయటపడ్డ కొన్ని బౌద్ధ స్తూపాల ప్లాన్ చూస్తే బండి చక్రంలా ఉంటుంది, మధ్యనుంచి ఆకుల్లాగా ఇటుక గోడలు, వాటి మధ్య గదుల్లో మట్టి నింపేశారు. అంత పెద్ద గుట్టని మొత్తం ఇటుకతో నింపాల్సిన పని లేదని, గోడలు సరైన చోట ఉంటే చాలని వాళ్ళకి పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే తెలుసు.

మేస్త్రీ ఒప్పుకోడు, అది మామూలే. బోలు గోడ నిలవదు సార్ అంటాడు. వాదించకండి, స్థలంలో ఒక మూల నాలుగడుగుల శాంపిల్ గోడ కట్టించండి, డబ్బులివ్వండి, మొదటి రోజు పని నెమ్మదిగా సాగుతుంది, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది. ఖాళీలోకి మాలు రాలకుండా చెక్క పట్టీ అడ్డం పెట్టుకోమనండి. ఆ శాంపిల్ ని ఇల్లయ్యేదాకా కూల్చొద్దు, ఎప్పుడు తగువొచ్చినా "ఇదిగో ఇలా" అని చూపించడానికి పనికొస్తుంది.

కిటికీ పైన ఏముంది

ఇటుకని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. కాబట్టి ఖాళీ పైన అడ్డంగా దూలంలా ఇటుకలు పేర్చి, వెనకాల దాచిన ఆర్‌సీసీ లింటెల్ మోస్తుంటే అది ఇటుక చేయలేని పనిని చేస్తున్నట్టు చూపించడమే. లింటెల్ పెడితే లింటెల్ ని కనపడనివ్వండి, ఇటుకతోనే దాటాలంటే కమాను వేయండి.

అన్నిటికంటే తేలికైంది మెట్ల కమాను, సెంట్రింగ్ కూడా అక్కర్లేదు. రెండు వైపుల నుంచీ ప్రతి వరసనీ పావు ఇటుక ముందుకి జరుపుకుంటూ పోతే మధ్యలో కలుస్తాయి. మూడడుగుల ఖాళీకి ఒక్కో వరసకి రెండుంపావు అంగుళాల చొప్పున ఎనిమిది వరసలు పడతాయి, ఎత్తు రెండుంపావు అడుగులు పెరుగుతుంది, అంత ఎత్తు మీకుందో లేదో ముందు చూసుకోండి. ముందుకి జరిపిన ఇటుక వెనక కొస మీద పై బరువు ఉండాలి, లేకపోతే తిరగబడుతుంది, అందుకని రెండు వైపులా సమానంగా లేపుకుంటూ వెనక గోడని కూడా దాంతోపాటే లేపాలి.

గుండ్రటి కమానుకి చెక్కతో గానీ, ఇటుకలు పొడిగా పేర్చి పైన మట్టితో గుండ్రంగా మెత్తి గానీ అచ్చు చేసుకోవచ్చు. రెండు వైపుల నుంచీ కట్టుకొచ్చి మధ్య ఇటుక ఆఖర్న దిగ్గొట్టాలి, ఇటుకల సంఖ్య బేసి రావాలి. కమాను ఎంత చదునుగా ఉంటే పక్కలకి అంత బలంగా తోస్తుంది, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు సగం సమస్యలు రావు. గోడ మధ్యలో ఉన్న కమానుకి అటూ ఇటూ గోడే ఆసరా, మూల దగ్గర ఉన్నదానికి ఆసరా ఉండదు, మూలని బయటికి తోసేస్తుంది. అహ్మదాబాద్ ఐఐఎం లో అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ ఏం చేశాడో చూడండి, వెడల్పుగా చదునుగా ఉండే ఇటుక కమానులు వేసి వాటి రెండు కాళ్ళనీ కలుపుతూ కాంక్రీటు దూలం కట్టాడు, విల్లుకి నారి కట్టినట్టు. లాగుడు కాంక్రీటులో ఉన్న స్టీలుది, నొక్కుడు ఇటుకది, రెండూ బయటికే కనపడతాయి, దాచిందేం లేదు. ఇంటి స్థాయిలో అయితే లింటెల్ బ్యాండే ఆ నారి పని చేసేటట్టు కమానుని బ్యాండ్ పైన కూర్చోబెట్టొచ్చు, కింద కిటికీ, పైన అర్ధచంద్రంలో జాలీ, చూడ్డానికి కూడా బాగుంటుంది.

జాలీ అంటే గుర్తొచ్చింది. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టే జాలీ గోడ మెట్ల దగ్గర, వరండాలో, బాత్రూం పైభాగంలో అద్భుతం, గాలి వస్తుంది, చూపు పడదు, ఇనప గ్రిల్లు ఖర్చు లేదు. బెడ్రూంలో పెట్టేముందు దోమల గురించి ఆలోచించండి, లోపలి వైపు మెష్ ఫ్రేమ్ బిగించే వీలు వదలండి. దానిమీద స్లాబ్ బరువు మాత్రం పెట్టొద్దు.

వంపు ఇచ్చే బలం

నాలుగున్నర అంగుళాల గోడ నిటారుగా పొడుగ్గా కడితే గట్టిగా తోస్తే పడుతుంది, అందుకే కాంపౌండ్ వాల్ కి ప్రతి పదడుగులకీ పిల్లరు పెడతాం. అదే గోడని పాములా మెలికలు తిప్పుకుంటూ కడితే పిల్లర్లు అక్కర్లేదు, వంపే నిలబెడుతుంది. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ తోటల చుట్టూ ఆ దేశ మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ వేయించిన మెలికల గోడలు ఇలాంటివే. దీనికి వాడే లెక్క సింపుల్: గోడ నాలుగడుగుల ఎత్తైతే వంపు వ్యాసార్థం దానికి రెట్టింపు, అంటే ఎనిమిదడుగులు మించకూడదు, మెలిక లోతు ఎత్తులో సగం, అంటే రెండడుగులు తగ్గకూడదు. రెండొందల గజాల ప్లాటులో రెండడుగుల స్థలం మెలికకి ఎవడిస్తాడు అంటారా, నిజమే, అది తోటలకీ ఫామ్‌హౌస్‌లకీ. ఇంటి లోపల మాత్రం ఇదే సూత్రం వాడుకోవచ్చు, గుండ్రటి బాత్రూం గోడ, వంపు తిరిగిన మెట్ల గోడ నాలుగున్నరతోనే నిలబడతాయి.

దీన్ని ఆఖరి అంచు దాకా తీసుకెళ్ళినవాడు ఉరుగ్వేకి చెందిన ఇంజనీరు ఎలాదియో దియెస్తె. ఈయన కూడా బేకర్ లాగే 1917లో పుట్టాడు, ఇద్దరిదీ ఇటుకే. అత్లాంతిదా అనే ఊళ్ళో ఆయన కట్టిన చర్చి గోడలు నేల దగ్గర తిన్నగా మొదలై పైకి పోయేకొద్దీ అలలుగా మారతాయి, కప్పు కూడా ఇటుకే, జాయింట్లలో సన్నటి స్టీలు పెట్టి అలలుగా వంచేశాడు. అది 2021లో యునెస్కో జాబితాలో చేరింది. అదే సమావేశాల్లో మన రామప్ప గుడి కూడా చేరింది, దాని విమానం నీళ్ళల్లో తేలేంత తేలికైన ఇటుకతో కట్టిందని మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు కదా. కింద రాయి, పైకి పోయేకొద్దీ బరువు తగ్గించుకోవడం కోసం బోలు బోలుగా ఉండే ఇటుక. ఎక్కడ బరువు కావాలో ఎక్కడ వద్దో చూసి మెటీరియల్ ఎంచుకున్నారు కాకతీయుల పనివాళ్ళు.

స్లాబ్

స్లాబ్ లో పైభాగం కాంక్రీటు నొక్కుడుకి పనిచేస్తుంది, కింది భాగంలో లాగుడంతా స్టీలుదే, అక్కడి కాంక్రీటు రాడ్లని పట్టుకుని ఉండటం తప్ప పెద్దగా మోసేదేం లేదు. కాబట్టి సెంట్రింగ్ మీద రాడ్ల గళ్ళ మధ్యలో పాత మంగళూరు పెంకులు జతలుగా బోర్లించి పైన కాంక్రీటు పోస్తే, అంత మేర కాంక్రీటు మిగుల్తుంది, స్లాబ్ బరువు తగ్గుతుంది. సెంట్రింగ్ తీశాక కింద నుంచి పెంకులు కనపడతాయి, అలాగే వదిలేయండి. పెంకుటిళ్ళు కూల్చేచోట ఇప్పుడు ఈ పెంకులు చవగ్గా దొరుకుతున్నాయి. పోసేముందు నానబెట్టాలి, రాడ్ల కవరు తగ్గకూడదు, రాడ్ల దూరం మీ ఇష్టం వచ్చినట్టు కాకుండా ఇంజనీరే డిజైన్ చేయాలి, వాటర్ ట్యాంక్ వచ్చే చోట మాత్రం మామూలు స్లాబే వేయించుకోండి.

వాన

కోస్తాలో తుఫాను వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. ఇటుక గోడకి గొడుగు కావాలి, కప్పు గానీ సన్‌షేడ్ గానీ రెండడుగులు బయటికి రావాలి, దాని అడుగు అంచులో నీటి గాడి పెట్టాలి, లేకపోతే నీళ్ళు అడుగంటా పాకి గోడ మీదకే వస్తాయి. పిట్టగోడ పైభాగం సిమెంటు గానీ రాయి గానీ కప్పి లోపలికి వాలు ఇవ్వండి, ఎర్ర గోడల మీద పచ్చటి పాచి మొదలయ్యేది ఎప్పుడూ ఈ పిట్టగోడ నుంచే. నేల నుంచి అడుగున్నర దాకా రాయి ప్లింత్ కట్టి పైన డీపీసీ (చెమ్మని ఆపే పొర) వేసి అప్పుడు ఇటుక మొదలుపెడితే చెమ్మ ఎక్కదు, నేల మీద పడి చిందే బురద కూడా రాయి మీదే పడుతుంది.

మెరుపు కోసం వార్నిష్ కొట్టిస్తారు కొంతమంది, దయచేసి వద్దు. లోపలి తడి బయటికి రాలేక పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొట్టాలనుకుంటే పొర కట్టకుండా లోపలికి ఇంకే సైలేన్ సైలాక్సేన్ రకం వాటర్ రిపెల్లెంట్ ఉంటుంది, గోడ పూర్తిగా ఆరిన తర్వాత, ఒక వానాకాలం చూసి, తడిసే వైపుకి మాత్రం కొట్టండి. మొదటి ఏడాది కొంచెం తెల్ల ఉప్పు అందరికీ కనిపిస్తుంది, పొడి బ్రష్ తో దులిపేయండి, నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది.

కరెంటు, కూలి లెక్క

కట్టాక గోడ కోసి పైపు పెట్టడం అన్నది ఈ ఇంట్లో లేదు. ఏ స్విచ్ ఎక్కడ, ఏసీ ఎక్కడ, గీజర్ ఎక్కడ అన్నీ గోడ లేవకముందే కాగితం మీద ఉండాలి, ఎలక్ట్రీషియన్ మేస్త్రీతో పాటే సైట్లో ఉండి రాట్ ట్రాప్ ఖాళీల్లోంచి పైపులు దించాలి. మర్చిపోయినవాటికి గోడ మీద బయటికే పైపు వేయండి, నల్లటి ఇనప పైపు నీట్ గా తిన్నగా వేస్తే దాచినదానికంటే బాగుంటుంది.

కూలి చదరపు అడుగు లెక్కన మాట్లాడితే మేస్త్రీకి వేగమే లాభం, జాయింట్లు గీకడం, తుడవడం ఆయనకి నష్టం. అందుకని కనపడే గోడలకి రోజు కూలి మీద మాట్లాడండి, లేదా చదరపు అడుగు రేటే అయితే శాంపిల్ గోడలా ఉంటేనే అని రాసుకుని ప్లాస్టరింగ్ కూలి మిగిలిందాంట్లోంచి కొంత కలిపి ఇవ్వండి. ఇంట్లో అన్ని గోడలూ ఇటుకే కనపడక్కర్లేదు కూడా, వంటింట్లో స్టవ్ వెనకా, బాత్రూంలో కిందా ప్లాస్టరింగ్ చేసి టైల్స్ వేసుకోండి, నూనె జిడ్డు ఇటుకలోకి ఇంకితే పోదు. బెడ్రూంలో రెండు గోడలకి సున్నం కొడితే వెలుతురు బాగుంటుంది, ఇటుక మీదే నేరుగా, పుట్టీ లేకుండా.